పాత ఫొటోలోని విమానాన్ని గుర్తుపట్టడం ఎలా

ఫొటో చూడగానే పేరు ఊహించకుండా, ముందుగా రెక్కలు ఒక వరుసో రెండు వరుసలో, ఇంజన్లు ఎన్నో గమనించి రాసుకోవాలి. పక్కభాగం మీద రిజిస్ట్రేషన్ అక్షరాలు కనబడితే సగం పని తీరినట్టే; వీటీ అంటే భారత్, జీ అంటే బ్రిటన్. 1932 అక్టోబరు 15న జె.ఆర్.డి. టాటా కరాచీ నుంచి బొంబాయికి టపా తెచ్చిన పస్ మాత్ అనే చిన్న విమానం గుర్తు వీటీ-ఏడీఎన్.

అక్షరాలు చెరిగిపోయిన చోటే అసలైన పరిశీలన, నా దృష్టిలో అసలైన ఆనందం కూడా, మొదలవుతాయి. డి హావిలాండ్ సంస్థ 1933లో తెచ్చిన లెపర్డ్ మాత్‌ను పస్ మాత్‌గా పొరబడటం తేలిక, ఎందుకంటే రెండింటికీ మూసిన క్యాబిన్, దాని పైన ఒకే రెక్క, ముక్కున ఒకే ఇంజను ఉంటాయి. భూతద్దంతో రెక్కను చూడండి: పస్ మాత్‌ది దాదాపు ఒకే వెడల్పు, లెపర్డ్ మాత్‌ది చివరికి పోనుపోను సన్నబడుతుంది. సరిగ్గా పక్కనుంచి తీసిన ఫొటోలో ఈ తేడా తెలియదు కాబట్టి, మరో కోణం దొరికేదాకా రెండు పేర్లూ రాసి ఉంచుకోవడమే మంచిది.