రెండు అడ్మిషన్లు చేతిలో ఉన్నా నిర్ణయం తేలడం లేదా? చిక్కు ఎక్కడ పడిందో ముందు చూడండి

విశాఖపట్నంలో ఒక బ్యాంకులో విద్యా రుణాల దరఖాస్తులు చూడటం నా పని. ఫిబ్రవరి నుంచి మే దాకా నా బల్ల ముందు కూర్చునే పిల్లల్లో చాలామంది వడ్డీ సంగతి కంటే ముందు అడిగేది ఒకటే: ‘సార్, ఈ రెండిట్లో ఏది మంచిది?’ ఆ ప్రశ్నకు నేను జవాబు చెప్పను. ఎందుకు తేల్చుకోలేకపోతున్నారో అడుగుతాను. ఒక్కొక్కరికి ఒక్కో చోట ముడి పడుతుంది, అది దొరికితే మిగతాది వాళ్లే విప్పుకుంటారు. నా దగ్గరికి వచ్చేవాళ్లలో ఎక్కువమంది అమెరికాలో ఎంఎస్‌కు వెళ్లేవాళ్లు కాబట్టి ఇక్కడి లెక్కలన్నీ అక్కడివే.

సమస్య: లెక్క వేసిన ప్రతిసారీ ఒక్కో యూనివర్సిటీ చవకగా కనిపిస్తోంది

కారణం: మీ చేతిలోని రెండు కాగితాలూ ఒకే కొలతతో రాసినవి కావు.

ఒక మార్చిలో గాజువాక నుంచి తండ్రీ కూతురూ వచ్చారు. ఆయన స్టీల్ ప్లాంటు ఉద్యోగి. ఇంటి దస్తావేజులున్న ప్లాస్టిక్ కవరు ఒళ్లో పట్టుకుని కూర్చున్నారు. అమ్మాయి రెండు ఐ-20లు (వీసా కోసం యూనివర్సిటీ పంపే పత్రాలు) బల్ల మీద పరిచింది. నివాస ఖర్చు ఒకదానిలో 13,500 డాలర్లు, రెండోదానిలో 16,800. మొదటిదే చవక అని ఇంట్లో అప్పటికే అనుకున్నారట. ఐ-20 మొదటి పేజీలో ఖర్చుల పట్టిక పైనే ఆ అంచనా ఎన్ని నెలలకో రాసి ఉంటుంది. వేలు పెట్టి చూపించాను. మొదటిదానిలో 9 నెలలు, రెండోదానిలో 12. భాగిస్తే నెలకు 1,500, 1,400. అమ్మాయి పెన్ను తీసుకుని రెండుసార్లు భాగించి చూసుకుంది. తండ్రి ఏమీ అనలేదు, కవరు మాత్రం ఒళ్లోంచి తీసి పక్క కుర్చీలో పెట్టారు.

ట్యూషన్ ఫీజులోనూ ఇలాగే జరుగుతుంది. అక్కడ ప్రతి సబ్జెక్టునూ ఇన్ని క్రెడిట్లు అని కొలిచి, క్రెడిట్‌కు ఇంత అని ఫీజు వేస్తారు. క్రెడిట్‌కు 1,000 డాలర్లు తీసుకునే చోట 30 క్రెడిట్లతో డిగ్రీ పూర్తయితే 30,000 అవుతుంది. 900 తీసుకునే చోట 36 క్రెడిట్లు చదవాల్సి వస్తే 32,400. తక్కువ ధర చూసి వెళ్లినవాడికే ఎక్కువ ఖర్చు.

పరిష్కారం: ఒక తెల్లకాగితం మధ్యలో నిలువుగా గీత గీసి రెండు వైపులా ఒకే వరుసలో రాయండి. డిగ్రీ మొత్తానికి కావలసిన క్రెడిట్లు, క్రెడిట్ ధర, తప్పనిసరిగా వసూలు చేసే ఇతర ఫీజులు, ఆరోగ్య బీమా, నెల ఖర్చు, అక్కడ ఉండబోయే నెలలు. అన్నీ కలిపిన తర్వాతే స్కాలర్‌షిప్ తీసేయండి. ఆ స్కాలర్‌షిప్ ఒక్క ఏడాదికా, చదువు పూర్తయ్యేదాకానా, ఎంత జీపీఏ (సగటు గ్రేడు) ఉంటే నిలుస్తుంది అన్నది లేఖలో చదవండి, లేకపోతే రాసి అడగండి. అంకె చిన్నదని తీసిపారేయకండి. టెక్సాస్ ప్రభుత్వ యూనివర్సిటీల్లో పోటీలో గెలిచిన స్కాలర్‌షిప్ కనీసం 1,000 డాలర్లుంటే బయటి విద్యార్థి కూడా ఆ రాష్ట్రం వారు కట్టే తక్కువ ఫీజుకు అర్హుడయ్యే వెసులుబాటు ఉంది. అలాంటి వెయ్యి డాలర్లు, మరోచోట వచ్చే ఐదు వేల కంటే ఎక్కువ మిగల్చవచ్చు. మీ స్కాలర్‌షిప్‌కు అది వర్తిస్తుందో లేదో యూనివర్సిటీనే అడిగి తెలుసుకోవాలి.

క్యాంపస్‌లో ఉద్యోగం చేసి సంపాదిస్తామన్న డబ్బును మాత్రం దయచేసి ఈ కాగితం మీదికి తేకండి. సెమిస్టర్ నడుస్తుండగా వారానికి 20 గంటలకు మించి చేయడానికి వీల్లేదు, ఆ ఉద్యోగం దొరుకుతుందన్న భరోసా కూడా ఎవరూ ఇవ్వరు.

సమస్య: రెండు కోర్సులూ ఒకేలా ఉన్నాయి, తేడా తెలియడం లేదు

కారణం: కోర్సు పేరూ ర్యాంకూ చూసి ఆగిపోతున్నారు. క్యూఎస్ ప్రపంచ ర్యాంకుల్లో 30 శాతం మార్కులు విద్యారంగంలోని వారి అభిప్రాయాల మీద వేసేవి, అవీ యూనివర్సిటీ మొత్తానికి. మీకు పాఠం చెప్పబోయే విభాగం గురించి అవి చెప్పేది చాలా తక్కువ.

పరిష్కారం: ఐ-20లో కోర్సు పేరు పక్కన ఉండే సీఐపీ కోడ్ (కోర్సు ఏ శాఖ కిందికి వస్తుందో చెప్పే అంకె) చూడండి. ఇంత ముఖ్యమైన అంకెను పట్టించుకోకుండా ఇల్లు తాకట్టు పెట్టడానికి వచ్చేవాళ్లను చూస్తే నాకు నిజంగా భయం వేస్తుంది. చదువు తర్వాత అక్కడ పనిచేయడానికి ఓపీటీ (ఆప్షనల్ ప్రాక్టికల్ ట్రైనింగ్) అనే అనుమతి కింద 12 నెలలు ఇస్తారు. కోర్సు కోడ్ స్టెమ్ (సైన్స్, టెక్నాలజీ, ఇంజినీరింగ్, గణితం) జాబితాలో ఉంటే, ప్రస్తుత నిబంధనల ప్రకారం, మరో 24 నెలలకు దరఖాస్తు చేసుకోవచ్చు. మేనేజ్‌మెంట్ చదువుల్లోనే 52.1301 (మేనేజ్‌మెంట్ సైన్స్) కోడ్ ఆ జాబితాలో ఉంది, 52.0201 (బిజినెస్ అడ్మినిస్ట్రేషన్ అండ్ మేనేజ్‌మెంట్) లేదు. పేర్లు వింటే అన్నదమ్ముల్లా ఉంటాయి, ఒకదానికి మూడేళ్లు, మరొకదానికి ఒక్క ఏడాది. అప్పు తీర్చే కాలం ఎలా గడుస్తుందన్నది ఈ తేడా మీదే ఆధారపడి ఉంటుంది.

కోడ్‌లు రెండూ ఒకటే అయితే, గడిచిన రెండు సెమిస్టర్లలో ఏ సబ్జెక్టులు నిజంగా నడిచాయో యూనివర్సిటీ టైమ్‌టేబుల్‌లో వెతకండి. కేటలాగ్‌లో ఉన్నవన్నీ ప్రతి ఏడాదీ చెప్పరు.

సమస్య: ఎవరు చెబితే వాళ్లదే నిజమనిపిస్తోంది

ద్వారకానగర్‌లో ఒక కన్సల్టెన్సీ మెట్లెక్కితే ఒక మాట, పక్క మెట్లెక్కితే ఇంకో మాట. విద్యార్థి దగ్గర రుసుము తీసుకోని కన్సల్టెన్సీలకు సాధారణంగా యూనివర్సిటీల నుంచి కమిషన్ అందుతుంది. అందుకని వాళ్లు అబద్ధం చెబుతారని కాదు. కానీ మీ రెండు యూనివర్సిటీల్లో దేనితో వాళ్లకు ఒప్పందం ఉందో అడిగి తెలుసుకునే హక్కు మీకు ఉంది. ఇక అక్కడున్న పెదనాన్నగారి అబ్బాయి చెప్పేది అతను చదివిన రోజుల సంగతి.

అడగాల్సింది పోయిన ఏడాది అదే విభాగంలో చేరినవాళ్లను. ‘బాగుంటుందా?’ అని అడిగితే ‘బాగుంటుంది’ అనే అంటారు. ‘కావాలనుకున్న సబ్జెక్టుల్లో ఎన్ని దొరికాయి? అద్దె ఎంత? ఇంటర్న్‌షిప్ ఏ నెలలో వచ్చింది?’ అని అడగండి. ఫీజు, స్కాలర్‌షిప్ సంగతులైతే నేరుగా అంతర్జాతీయ విద్యార్థుల కార్యాలయానికే ఫోన్ చేయండి. అమెరికాలో గడియారాలు గంట ముందుకు జరిపే వేసవి సమయం నడిచే నెలల్లో మనకు రాత్రి 8 గంటలైతే డల్లాస్‌లో ఉదయం 9:30, అప్పుడే ఆఫీసులో మనుషులు ఉంటారు.

సమస్య: గడువు దగ్గరపడి కంగారులో ఏదో ఒకటి కట్టేయాలనిపిస్తోంది

గడువుల్లో రెండు రకాలున్నాయి. అసిస్టెంట్‌షిప్, ఫెలోషిప్ వంటి ఆర్థిక సాయంతో వచ్చిన పీజీ అడ్మిషన్ అయితే, కౌన్సిల్ ఆఫ్ గ్రాడ్యుయేట్ స్కూల్స్ వారి ‘ఏప్రిల్ 15’ ఒప్పందం మీద సంతకం చేసిన అమెరికా యూనివర్సిటీలు ఏప్రిల్ 15 కంటే ముందే జవాబు చెప్పమని విద్యార్థిని ఒత్తిడి చేయకూడదు. మీ యూనివర్సిటీ సంతకం చేసిందో లేదో చూసుకోండి. సాయం లేని మామూలు అడ్మిషన్‌కు ఈ రక్షణ లేదు. అప్పుడు గడువు పెంచమని మర్యాదగా, కారణం చెప్పి నాలుగు వాక్యాల ఈమెయిల్ రాయండి. సీటు ఖాయం చేసుకోవడానికి కట్టే డిపాజిట్ తిరిగి ఇస్తారా లేదా అన్నది కట్టకముందే తెలుసుకోవాలి.

సమస్య: నాన్నగారు ఒకటి అంటున్నారు, నాకు ఇంకొకటి కావాలి

ఇంట్లో అందరూ యూనివర్సిటీ పేర్ల మీద వాదించుకుంటారు గానీ, లోపల ఉన్న భయం అప్పు గురించి. తండ్రి ఆ మాట పైకి అనలేరు, పిల్లలు అడగలేరు. అందుకే ఆ తేడాను నెల వాయిదాగా మార్చి చూపించమంటాను. ఒక యూనివర్సిటీకి పది లక్షలు ఎక్కువ అప్పు కావాలనుకోండి. 10.5 శాతం వడ్డీ, పదేళ్ల గడువు అయితే నెలకు దాదాపు 13,500 రూపాయలు ఎక్కువ కట్టాలి, చదువుకునే కాలంలో పేరుకున్న వడ్డీ ఇందులో కలపలేదు. ‘నాకు అక్కడ ఉద్యోగం ఆలస్యమైతే ఈ 13,500 ఎవరం కడతాం?’ అని పిల్లలే అడిగిన ఇళ్లలో మాట తొందరగా తేలింది. కొన్నిసార్లు ఖరీదైనదానికే తండ్రులు ఒప్పుకున్నారు.

సమస్య: నిర్ణయించుకున్నాక మర్నాడు మళ్లీ మొదటికి వస్తున్నారు

కారణం: రెండో తలుపు ఇంకా తెరిచే ఉంచారు.

పరిష్కారం: ఎంచుకున్న చోట డిపాజిట్ కట్టిన రోజే రెండోవారికి రావడం లేదని రాసేయండి. ఆ సీటు కోసం, ఆ సాయం కోసం ఎదురుచూస్తున్న పిల్లలు ఇంకెక్కడో ఉంటారు. ఆ తర్వాత, చేరబోయే యూనివర్సిటీ ఐ-20 మీద ఉన్న సెవిస్ నంబరుతోనే (విదేశీ విద్యార్థుల వివరాలుండే అమెరికా ప్రభుత్వ రికార్డులో మీ నంబరు) ఆ రికార్డుకు కట్టాల్సిన 350 డాలర్ల ఐ-901 ఫీజు కట్టండి. తొందరపడి వేరే నంబరు మీద ఇదివరకే కట్టేసి ఉంటే, ఏడాదిలోపు అయితే దాన్ని కొత్త నంబరుకు మార్పించుకోవచ్చు, మళ్లీ కట్టనక్కర్లేదు. వీసా ఇంటర్వ్యూకు హైదరాబాద్ వెళ్లేటప్పుడు ఫైలులో ముందుగా ఆ ఐ-20నే ఉంచుకోండి. రెండోదాన్ని ఇంట్లోనే వదిలి వెళ్లండి.