మీ వీధి సమస్య మీద కౌన్సిల్‌లో సరైన చర్చ జరగాలంటే ఏం చేయాలి?

విజయవాడలో ఎన్నికలొస్తే చాలు, బైకు ర్యాలీలకు కుర్రాళ్లే కావాలి. జెండాలు కట్టాలన్నా, బందరు రోడ్డు మీద ఫ్లెక్సీలు లేపాలన్నా వాళ్లే. ఎన్నికలయ్యాక కెనాల్ రోడ్డులో కార్పొరేషన్ ఆఫీసు మెట్లెక్కి "మా డివిజన్ పని ఏమైంది" అని అడిగే ఇరవై ఏళ్లవాళ్లు ఎంతమంది?

రెండేళ్ల కిందట ఒక పట్టణ కౌన్సిల్ సమావేశం చూడ్డానికి వెళ్లాను, ఊరి పేరు ఇక్కడ అనవసరం. గంటన్నర సేపు ఒకళ్ల నాయకుణ్ని ఇంకొకళ్లు తిట్టుకున్నారు, పోడియం చుట్టూ నినాదాలు, ఒక వాకౌట్, ఆ తర్వాత మిగిలిన అంశాలన్నీ "ఆమోదం, ఆమోదం" అంటూ పది నిమిషాల్లో అయిపోయాయి. వాటిలో మంచినీళ్ల పైపులున్నాయి, డ్రెయిన్లున్నాయి, పార్కు గోడలున్నాయి. నాకు చాలా బాధేసింది. మంచివాళ్లను గెలిపిస్తే చర్చ అదే బాగుపడుతుందని అందరం అంటాం కానీ, నేను చూసినంతలో సరైన కాయితం ముందుగా చేతికందితే అదే కార్పొరేటర్ వేరేగా మాట్లాడతారు. ఆ కాయితం తయారు చేయగలిగింది చదువుకుంటున్న పిల్లలే. ఎలాగో చెప్తాను.

1. ముందు మీ ఓటు, మీ డివిజన్

విజయవాడలో 64 డివిజన్లు, గుంటూరులో 57. మీది ఎన్నో నంబరో, కార్పొరేటర్ ఎవరో తెలీకపోతే వార్డు సచివాలయంలో అడగండి, చెప్తారు. 18 నిండితే ఫారం 6 ఇచ్చి ఓటు నమోదు చేసుకోండి, 17 దాటినవాళ్లు కూడా ముందుగానే దరఖాస్తు పెట్టుకోవచ్చు. ఇల్లు మారితే ఫారం 8. హాస్టల్లో ఉంటూ ఓటు సొంతూళ్లో పెట్టుకున్నవాళ్లు చాలామంది ఉన్నారు, దాని గురించి ఒకసారి ఆలోచించుకోండి.

2. ఒకే ఒక్క సమస్య, అదీ కార్పొరేషన్ చేతిలో ఉన్నది

ఇక్కడే ఎక్కువమంది తప్పు చేస్తారు. 2024 సెప్టెంబర్‌లో బుడమేరు వాగు పొంగి విజయవాడ సింగ్ నగర్ వైపు రోజుల తరబడి నీళ్లలో ఉండిపోయింది కదా. బుడమేరు గట్లు జలవనరుల శాఖవి. మీ ఇంటి ముందు సైడు కాల్వ మాత్రం కార్పొరేషన్‌ది. కౌన్సిల్‌లో గట్ల గురించి గంట సేపు అరిస్తే సమాధానం చెప్పాల్సినవాళ్లు ఆ హాల్లోనే ఉండరు, అదే కాల్వలో పూడిక ఎప్పుడు తీశారని అడిగితే ఇంజనీరు లేచి నిలబడి జవాబు చెప్పాల్సిందే. 1992లో వచ్చిన 74వ రాజ్యాంగ సవరణతో 12వ షెడ్యూలు చేరింది, అందులో పట్టణ సంస్థలకు ఇవ్వదగ్గ అంశాలు 18 ఉన్నాయి: నీళ్లు, పారిశుధ్యం, వీధి దీపాలు, శ్మశానాలు, పార్కులు వగైరా. మీ సమస్య అందులో ఎక్కడ పడుతుందో చూసుకోండి. కరెంటు కోతలు, పింఛన్లు, రేషన్‌కార్డులు పక్కన పెట్టండి, వాటికి వేరే దార్లున్నాయి.

3. అజెండా సంపాదించండి

సమావేశానికి ముందు కార్పొరేటర్లకు అజెండా పుస్తకం వెళుతుంది. మీ కార్పొరేటర్ దగ్గరికెళ్లి "అన్నా, ఒకసారి అజెండా ఇస్తారా, ఫోటోలు తీసుకుని ఇచ్చేస్తాం" అనండి, చాలామంది ఇస్తారు. ఇవ్వకపోతే పాత సమావేశాల తీర్మానాల నకళ్ల కోసం సమాచార హక్కు చట్టం కింద అడగండి. తెల్ల కాయితం మీద తెలుగులో రాస్తే చాలు, ఫీజు 10 రూపాయలు, 30 రోజుల్లో జవాబివ్వాలి. "పూర్తి వివరాలు ఇవ్వగలరు" అని రాయకండి. ఫలానా వీధి, ఫలానా నెల, ఎస్టిమేట్ నకలు, బిల్లు నకలు అని విడివిడిగా అడగండి.

పుస్తకం చేతికొచ్చాక రెండు మాటల దగ్గర ఆగి చదవండి. ఒకటి "రాటిఫికేషన్", అంటే పని ముందే అయిపోయింది, ఇప్పుడు కౌన్సిల్ దానికి ఒప్పుకోలు చెప్పాలి. రెండోది "టేబుల్ ఐటమ్", అంటే అజెండాలో లేకుండా అప్పటికప్పుడు సభ ముందుకు తెచ్చేది. ఈ రెండూ ఎన్నున్నాయో లెక్కపెట్టినా చాలు, ఎంత చర్చ జరిగే వీలుందో మీకే అర్థమవుతుంది.

4. వెళ్లి కొలవండి

మా మేనకోడలు డిగ్రీ రెండో సంవత్సరంలో ఉండగా ఒక పని చేసింది. వాళ్ల పేటలో వాన పడితే మోకాలి లోతు నీళ్లు. తనూ, ముగ్గురు స్నేహితులూ ఒక వెదురు కర్రకి కుట్టుమిషన్ టేపు అతికించి, ఆదివారం పొద్దున్నే కాల్వ వెంబడి పది చోట్ల కర్ర దించారు. మూడడుగుల కాల్వ. కర్ర దించితే పైన ఒక్క అడుగే నీళ్లు, కింద రెండడుగులు మెత్తగా బురద, ఒకచోట కర్ర అసలు దిగలేదు, చూస్తే కొబ్బరి బోండాలు, ప్లాస్టిక్ కవర్లు గట్టిపడిపోయి ఉన్నాయి. ప్రతిచోటా ఇంటి నంబరు, తేదీ, కొలత రాసి ఒక ఫోటో. ఎండెక్కేసరికి పని అయిపోయింది.

ఆ పది కొలతల్నీ ఒకే పేజీలోకి తెచ్చారు. పైన సమస్య రెండు వాక్యాల్లో, మధ్యలో కొలతల పట్టిక, కింద సభలో అడగాల్సిన మూడు ప్రశ్నలు: ఈ కాల్వలో చివరిసారి పూడిక తీసింది ఏ తేదీన? ఎంత బిల్లు చేశారు? వానలకు ముందు మళ్లీ ఎప్పుడు తీస్తారు? అంతే. "ప్రజలు అల్లాడుతున్నారు", "అధికారుల నిర్లక్ష్యం" లాంటి మాటలు ఒక్కటీ లేవు. మీరూ రాయకండి, ఆ మాటలు వినీ వినీ అధికారుల చెవులు మొద్దుబారిపోయాయి. తేదీ అడిగితేనే తడుముకుంటారు.

5. కార్పొరేటర్‌కి ఇవ్వడం

సమావేశానికి రెండు మూడు రోజుల ముందు, పొద్దున పూట, జనం తక్కువున్నప్పుడు వెళ్లండి. పది మంది గుంపుగా వద్దు, ఇద్దరు ముగ్గురు చాలు. మన రాష్ట్రంలో సగం స్థానాలు ఆడవాళ్లవే, కాబట్టి కార్పొరేటర్ ఆవిడైతే ఆవిడతోనే మాట్లాడండి, హాల్లో కూర్చున్న వాళ్లాయనకి కాయితం ఇచ్చి వచ్చేయకండి. సభలో లేచి అడగాల్సింది ఆవిడ.

మా మేనకోడలు వాళ్లు వెళ్లినప్పుడు వాళ్ల కార్పొరేటర్ పేజీ చదివి అడిగిన మొదటి మాట, "ఎవరు రాసిచ్చారమ్మా ఇది?"

"మేమే రాశామండీ. కర్ర దించి చూశాం."

ఆవిడ ఇంకోసారి చదివి, కళ్లద్దాలు తీసి, "సరే, ఈ మూడూ నేనడుగుతా. మీరు పైన కూర్చుంటారా?" అన్నారు.

మీరు ఏ పార్టీకి ఓటేశారన్నది అక్కడ ఎత్తకండి. అదే పేజీ ఎదుటి పార్టీ సభ్యుడికి కూడా ఇవ్వొచ్చు, ఇస్తున్నట్టు ఇద్దరికీ చెప్పండి, దాచిపెట్టి ఇస్తే నమ్మకం పోతుంది.

6. సభకు వెళ్లి కూర్చోండి

ముందు రోజే ఆఫీసులో అడిగి, సందర్శకులు ఎక్కడ కూర్చోవాలో, పాసు కావాలో తెలుసుకోండి. ఐడీ కార్డు పెట్టుకోండి. అనుమతి లేకుండా వీడియో తీయకండి, చప్పట్లు కొట్టకండి. నోట్‌బుక్‌లో అంశం నంబరు, ఎవరేం అడిగారు, ఎవరేం జవాబిచ్చారు, ఎన్ని నిమిషాలు పట్టింది, ఇవి రాసుకోండి. ఆ రోజు మా మేనకోడలు వాళ్ల అంశానికి ఆరు నిమిషాలు దొరికాయి, ఇంజనీరు గారు తేదీ చెప్పలేక "రికార్డు చూసి చెప్తాం" అన్నారు, మేయర్ వారం గడువిచ్చారు. ఎవరూ ఎవర్నీ తిట్టలేదు. ఆ మాట చెప్తుంటే దాని మొహం వెలిగిపోయింది.

7. తర్వాత వదిలేయకండి

గడువు దాటిన మర్నాడే మళ్లీ వెళ్లండి. సోమవారం జరిగే ప్రజా సమస్యల పరిష్కార వేదికలో అర్జీ ఇచ్చి, రసీదు నంబరు ఆ నోట్‌బుక్‌లోనే రాయండి. 3 లక్షలు, అంతకు మించి జనాభా ఉన్న పట్టణాల్లో వార్డు కమిటీలు ఉండాలని రాజ్యాంగం 243ఎస్ అధికరణం చెప్తుంది, విజయవాడ, గుంటూరు రెండూ అందులోకి వస్తాయి. మీ దగ్గర అది ఉందా, ఎప్పుడు కూర్చుంది అని రాతపూర్వకంగా అడగండి.

అసలు కౌన్సిలే లేని రోజులు కూడా వస్తాయి. గుంటూరులో 2010లో పాలకవర్గం గడువు ముగిస్తే మళ్లీ ఎన్నిక జరిగింది 2021 మార్చిలో. 2010లో పదేళ్లున్న పిల్లవాడు ఆ తర్వాత ఒక్క కార్పొరేటర్‌నీ చూడకుండానే ఓటరైపోయాడు. అలాంటప్పుడు ప్రత్యేకాధికారి పాలన ఉంటుంది, అదే పేజీ కమిషనర్‌కి ఇవ్వండి, ఎన్నికలెప్పుడని కూడా అడగండి. 21 నిండితే మీరే పోటీ చేయొచ్చు.

8. నోట్‌బుక్ అప్పగించండి

మన దగ్గర చదువైపోగానే హైదరాబాదో బెంగళూరో వెళ్లిపోతారు, దాంతో ఏడాది కష్టం మాయమైపోతుంది. అందుకే మొదటినుంచీ మీకన్నా రెండేళ్లు చిన్నవాళ్లను ఒకరిద్దర్ని వెంట తిప్పుకోండి. మా మేనకోడలు ఉద్యోగానికి వెళ్తూ ఆ నోట్‌బుక్‌నీ, టేపు అతికించిన వెదురు కర్రనీ వెనక వీధిలో ఇంటర్ చదివే కుర్రాడికి ఇచ్చి వెళ్లింది. మొన్న వానలకు ముందు వాడు ఫోన్ చేసి, "అక్కా, ఏడో చోట కర్ర మళ్లీ దిగట్లేదు" అన్నాడట.