డాబా మీద డిష్ – 3వ పాఠం: ఎటు చూడాలి, ఎంత పైకి చూడాలి

గత పాఠంలో పైపుని పిట్టగోడకి బిగించాం. దారానికి రాయి కట్టి వేలాడదీసి, పైపు నిట్టనిలువుగా ఉందో లేదో చూడమన్నాను. చూడనివాళ్లు ఇప్పుడే వెళ్లి చూసి రండి. పైపు ఒరిగి ఉంటే ఈరోజు చెప్పే డిగ్రీలన్నీ దండగ.

శ్రీకాకుళంలో పాత యాంటెన్నాలు తిప్పినవాళ్ల చెయ్యి దానంతటదే నైరుతికి పోతుంది. అప్పట్లో దాన్ని విశాఖ వైపు తిప్పేవాళ్లం. డాబా మీద ఒకడు, కింద టీవీ ముందు ఒకడు. "వచ్చిందేటిరా?" "నేదు, ఇంకాస్త తిప్పు!" ఆ దిక్కు మరిచిపోండి. డీడీ ఫ్రీ డిష్ ప్రసారాలు జీశాట్-15 ఉపగ్రహం నుంచి వస్తాయి. అది భూమధ్యరేఖకి పైన, 93.5 డిగ్రీల తూర్పు రేఖాంశం దగ్గర ఉంటుంది. మనం ఉన్నది దాదాపు 84 దగ్గర. అందుకే అది మనకి దక్షిణం నుంచి కాస్త తూర్పుకి జరిగి ఉంటుంది. ఫోన్‌లో దిక్సూచి తెరిస్తే శ్రీకాకుళానికి 152, విజయనగరానికి 150. ఫోన్‌ని ఇనప పైపుకి ఆనించకండి, ముల్లు అబద్ధం చెబుతుంది.

ఎత్తు దగ్గరే అందరూ బోల్తా పడతారు. ఉపగ్రహం మనకి 66 డిగ్రీల ఎత్తున, అంటే దాదాపు నడినెత్తికి దగ్గరగా ఉంది. అలాగని డిష్ ముఖాన్ని అంత పైకి ఎత్తకూడదు. మనం కొనే రెండడుగుల డిష్‌లో ఎల్ఎన్‌బీ (సిగ్నల్ పట్టే చిన్న డబ్బా) మధ్యలో కాకుండా కింది కడ్డీ చివర ఉంటుంది కదా. దానివల్ల డిష్ ముఖం చూసే చోటికన్నా ఇరవై, పాతిక డిగ్రీల పైనుంచి సిగ్నల్ పడుతుంది. చూసేవాళ్లకి డిష్ సముద్రం మీది మేఘాల్ని చూస్తున్నట్టుంటుంది, అదే సరైన వాలు. మొదటిసారి నేను 66కి ఎత్తేసి మిట్టమధ్యాహ్నం రెండు గంటలు మాడిపోయాను. వెనక బిగింపు మీద డిగ్రీల గీతలుంటే వాటినే నమ్మండి. ఈ తేడా కలిపే ఆ గీతలు గీస్తారు.

అడ్డుగా కొబ్బరిచెట్టు ఉందా? మార్చి రెండో వారంలో, అక్టోబరు మొదట్లో, పొద్దున్న పదకొండు ప్రాంతంలో సూర్యుడు సరిగ్గా ఆ ఉపగ్రహం వెనక్కి వస్తాడు. ఆ వేళకి డిష్ మీద మట్టల నీడ పడితే చోటు మార్చాల్సిందే. ఆ నాలుగైదు రోజులూ కాసేపు బొమ్మ పోతుంది కూడా, కంగారుపడి డిష్ కదపకండి.

ఇప్పుడు బాక్సు కరెంటు తీసి కేబుల్ తగిలించండి. ఎల్ఎన్‌బీకి ఆ తీగలోంచే 13 లేదా 18 వోల్టులు వెళ్తాయి, షార్టయితే బాక్సు పోతుంది. తర్వాత కరెంటు పెట్టి, తెరమీద సిగ్నల్ చూపించే రెండు గీతలు చూడండి. 'స్ట్రెంత్' గీత గాలికి కూడా లేస్తుంది, మనకి కావాల్సింది 'క్వాలిటీ'. డిష్‌ని వేలెడంత తిప్పి, మూడు లెక్కపెట్టి ఆగండి. బాక్సుకి పట్టుకోడానికి ఆ మాత్రం వ్యవధి కావాలి. క్వాలిటీ లేచాక ఎల్ఎన్‌బీని కూడా దాని బిగింపులో అటూ ఇటూ తిప్పి, ఎక్కడ ఎక్కువైతే అక్కడ ఆపండి. మనకి అది నిటారుగా ఉండదు, బాగానే వంగి ఉంటుంది.

బొమ్మ వచ్చింది గానీ మసగ్గా ఉందంటే తప్పు డిష్‌ది కాదు. ఎర్ర, తెల్ల, పసుపు వైర్లలో హెచ్‌డీ రాదు, హెచ్‌డీఎంఐ కేబులే పెట్టాలి. ఎంపెగ్-2 అనే పాత వీడియో పద్ధతి మాత్రమే చదివే పాత బాక్సుకైతే హెచ్‌డీ ఛానళ్లు అసలు కనిపించవు. సప్తగిరి పెట్టి మనుషులు లావుగా, పొట్టిగా ఉంటే టీవీలో కొలతల సెట్టింగు మార్చుకోండి.

నట్లన్నీ ఇంకోసారి బిగించి దిగండి. 2018లో తిత్లీ తుపాను పలాస దగ్గర తీరం దాటినప్పుడు ఎగిరినవి రేకులొక్కటే కాదు. వచ్చే పాఠంలో కేబుల్ కొస చెక్కడం, ఉప్పుగాలికి తుప్పు పట్టకుండా టేపు చుట్టడం.