పాత కంప్యూటర్‌లో సంగీతాన్ని శుభ్రంగా వినడం ఎలా?

ఇంట్లోని పాత డెస్క్‌టాప్‌లో పాటలు పేలవంగా వినిపిస్తుంటే చాలామంది వెంటనే కొత్త స్పీకర్లు కొనడానికి బయలుదేరతారు. నిజానికి డబ్బు ఖర్చు చిట్టచివరి పని. ధ్వనిలో కలుస్తున్న రొద ఎక్కడ పుడుతోందో కనిపెట్టి దాన్ని తొలగిస్తే, ఉన్న స్పీకర్లే ఎంతో మెరుగ్గా పలుకుతాయి.

ముందుగా పాటేదీ పెట్టకుండా, స్పీకర్ల వాల్యూమ్‌ను సగానికి పైగా పెంచి చెవి దగ్గర పెట్టి వినండి. ఒకే శ్రుతిలో ‘గుయ్’మనే మోత వస్తే అది సాధారణంగా 50 హెర్ట్జ్ కరెంటు నుంచి వస్తున్నది. మౌస్ కదిపినప్పుడల్లా సన్నని కిచకిచలు వినిపిస్తే అది కంప్యూటర్ లోపలి సర్క్యూట్లలో పుట్టినది. నిశ్శబ్దంలో ఏమీ వినిపించక, పాట పెట్టినప్పుడే బాగాలేదంటే లోపం ఫైలులోనో, సెట్టింగుల్లోనో, స్పీకర్లలోనో ఉన్నట్టు.

గుయ్‌మనే మోతకు మొదట చూడవలసింది ఎర్తింగ్. పాత ఇళ్లలో సాకెట్‌కు మూడు రంధ్రాలున్నా, మూడోదాని వెనుక తీగే ఉండకపోవచ్చు. కాబట్టి ఎలక్ట్రీషియన్ చేత ఒకసారి పరీక్ష చేయించాలి. కనిగిరి, పొదిలి వైపు మెట్ట ప్రాంతాల్లో ఉప్పు, బొగ్గు వేసి పూడ్చిన ఎర్త్ గుంత కూడా వేసవిలో నేల ఎండిపోయి సరిగా పనిచేయకపోవచ్చు, అందువల్ల ఎండాకాలమంతా అందులో అప్పుడప్పుడు నీళ్లు పోస్తుండాలి. ఎర్తింగ్ సరిగా ఉన్నా మోత ఆగకపోతే, కంప్యూటర్‌నూ ఆంప్లిఫైయర్‌నూ వేర్వేరు గోడల సాకెట్లకు కాక ఒకే ఎక్స్‌టెన్షన్ బోర్డుకు పెట్టి చూడండి. మోత పోవడం కోసం ప్లగ్గు మూడో పిన్ను విరిచేయడం ప్రాణాపాయం. ఎవరు సలహా ఇచ్చినా ఆ పని చేయకండి.

తరువాత స్పీకర్ల వైరును సీపీయూ వెనుక ఉన్న ఆకుపచ్చ రంధ్రానికి పెట్టండి. ముందువైపు రంధ్రానికి వెళ్లే సన్నని తీగ క్యాబినెట్ లోపల ఫ్యాన్లు, హార్డ్ డిస్కుల పక్కగా వెళ్తూ వాటి రొదను పట్టుకొస్తుంది. మైపాడు, కొత్తపట్నం వంటి తీరప్రాంతాల్లో ఉప్పుగాలికి జాక్ పిన్ను నల్లబడి పాట తెగితెగి వస్తుంటుంది. అప్పుడు కరెంటు తీసేసి, ఐసోప్రొపైల్ ఆల్కహాల్‌లో కొద్దిగా తడిపిన దూదితో పిన్నును తుడిచి, పూర్తిగా ఆరాక పెట్టాలి.

విండోస్‌లో కంట్రోల్ ప్యానెల్, సౌండ్, ప్లేబ్యాక్ వరుసలో వెళ్లి స్పీకర్స్ ప్రాపర్టీస్ తెరవండి. ఎన్‌హాన్స్‌మెంట్స్ ట్యాబ్ ఉంటే అందులో అన్నింటినీ ఆపేయాలి. బేస్ బూస్ట్, వర్చువల్ సరౌండ్ వంటివి గాత్రాన్ని మసకబరుస్తాయి. లెవెల్స్ ట్యాబ్‌లో మైక్రోఫోన్, లైన్ ఇన్ కనిపిస్తే మ్యూట్ చేయండి. వాడని మైకు ఎప్పుడూ తెరిచి ఉండటమే కొన్ని కంప్యూటర్లలో ‘స్స్’ శబ్దానికి కారణం. ఈక్వలైజర్ (మంద్ర, తార స్థాయిలను విడివిడిగా పెంచి తగ్గించే అమరిక) తప్పనిసరి అనుకుంటే, కావలసిన స్థాయిని పెంచడం కంటే అక్కరలేని దాన్ని తగ్గించడం మేలు, ఎందుకంటే పెంచిన చోట ధ్వని పగిలే ప్రమాదముంది.

ఫైళ్ల విషయంలో ఒక్క మాట. సెకనుకు 128 కిలోబిట్ల ఎంపీ3ని ఫ్లాక్‌గా (వివరాలేవీ పోకుండా కుదించే ఫైలు రకంగా) మార్చినా పోయిన వివరాలు తిరిగి రావు. సీడీ ఉంటే దాని నుంచే ఫ్లాక్ చేసుకోవాలి. సెకనుకు 1,411 కిలోబిట్ల అసలు సమాచారం ఏమీ పోకుండా, దాదాపు సగం స్థలంలో ఇముడుతుంది. నెల్లూరు జిల్లా బిడ్డ ఎస్పీ బాలసుబ్రహ్మణ్యం తొలినాటి పాటలు మోనో రికార్డింగులు కాబట్టి రెండు స్పీకర్లలోనూ ఒకటే వినిపిస్తుంది. అది మీ కంప్యూటర్ లోపం కాదు. వాటిలోని టేపు సవ్వడిని సాఫ్ట్‌వేర్‌తో పూర్తిగా తుడిచేయాలని చూడకండి. దాంతోపాటు గాత్రంలోని సన్నని ఊపిరి కూడా పోతుంది, ఆయన పాటలో అది పోతే నాకు ప్రాణం ఒప్పదు.

ఇన్ని చేసినా మౌస్ కిచకిచలు వదలకపోతే, అప్పుడు చిన్న యూఎస్‌బీ డాక్ (DAC) కొనండి. అంకెల రూపంలోని పాటను విద్యుత్ తరంగంగా మార్చే పని రొద నిండిన మదర్‌బోర్డు నుంచి బయటి పరికరానికి మారుతుంది గనుక తేడా వెంటనే తెలుస్తుంది. సాధారణ రకాలకు ప్రత్యేక డ్రైవర్ సాఫ్ట్‌వేర్ కూడా అక్కర్లేదు. 16 బిట్లు, 44.1 కిలోహెర్ట్జ్, అంటే సీడీ నాణ్యతతో పలికేది ఇంటి అవసరాలకు సరిపోతుంది; పెద్ద అంకెలకు ఎక్కువ ధర పెట్టనవసరం లేదు.

చివరిగా స్పీకర్లను గది మూలల నుంచి ముందుకు జరిపి, చెవి ఎత్తులో, మీరు కూర్చునే చోటుతో కలిపి సమత్రిభుజం వచ్చేలా అమర్చండి. మూలల్లో ఉంటే మృదంగం తొప్పి (మంద్రంగా పలికే ఎడమ) వైపు నాదం అనవసరంగా ఉబ్బి, మిగిలిన వాద్యాలను కప్పేస్తుంది. చీమకుర్తి గ్రానైట్ పరిచిన హాలులో నునుపైన నేల ధ్వనిని తిప్పికొట్టి గాత్రాన్ని గరుకు చేస్తుంది కాబట్టి, స్పీకర్లకూ మీకూ మధ్య ఒక మందపాటి జంపఖానా పరిచి, కిటికీలకు కర్టెన్లు వేసి మళ్లీ వినండి.