పిల్లలతో జపాన్ ప్రయాణం, 4వ పాఠం: టికెట్టు అక్కర్లేదంటే సీటు ఉందని కాదు

ఈసారి తిండి గురించి చెప్పుకోవాల్సింది. అది వచ్చే పాఠానికి జరిపాను. పోయినసారి టోక్యో నుంచి క్యోటోకు షింకన్‌సెన్ (బుల్లెట్ రైలు) టికెట్లు లెక్కవేయమని ఇచ్చిన అభ్యాసంలో చాలామంది ఒక్కచోటే తప్పారు. అమ్మానాన్నలు, అయిదేళ్ళ పాప, రెండేళ్ళ బాబు: రెండు టికెట్లు చాలని రాశారు. నిబంధన ప్రకారం చాలుతాయి. ప్రయాణం మాత్రం సుఖంగా సాగదు. ఆరేళ్ళ లోపు పిల్లలకు ఉచితమని ఒక్క ముక్కలో చెప్పి వదిలేశాను, పొరపాటు నాదే. మళ్ళీ మొదటినుంచీ చూద్దాం.

ఆరు నుంచి పదకొండేళ్ళ పిల్లలకు సగం ఛార్జీ. ఏడాది నుంచి అయిదేళ్ళ వాళ్ళయితే, టికెట్టు కొన్న ఒక్కో పెద్దవారితో ఇద్దరు ఉచితంగా రావచ్చు. మూడో పిల్లకు పిల్లల టికెట్టు తీయాలి. ఏడాది లోపు పసివాళ్ళకు ఏమీ అక్కర్లేదు. అయితే రిజర్వేషన్ బోగీలో ఉచితంగా వచ్చే పిల్లలు మీ ఒళ్ళోనే కూర్చోవాలి. టోక్యోలో పక్క సీటు ఖాళీగా కనిపించిందని పాపను కూర్చోబెడతారు. షినగావాలోనో షిన్-యొకొహామాలోనో ఆ సీటువారు ఎక్కుతారు. నిద్రపోతున్న పాపను లేపి ఒళ్ళోకి తీసుకోవాలి. ఈ దారిలో అన్నిటికన్నా వేగంగా వెళ్ళే షింకన్‌సెన్ నోజోమి. అందులో కూడా క్యోటోకు దాదాపు రెండుంబావు గంటలు. అంతసేపు అయిదేళ్ళ పిల్ల బరువు తొడల మీద మోయడం కష్టం.

ఉచితంగా రాగల పిల్లలకైనా విడిగా సీటు కావాలంటే పిల్లల టికెట్టు కొంటే సరిపోతుంది. మామూలు రోజుల్లో నోజోమి రిజర్వుడు టికెట్టు పెద్దలకు సుమారు 14,170 యెన్‌లు, పిల్లలకు 7,080. సీట్లు ఒక పక్క ఎ, బి, సి మూడు, రెండో పక్క డి, ఇ రెండు. పై కుటుంబానికి నేను చెప్పేది ఎ, బి, సి మూడూ తీసుకోమని: రెండు పెద్ద టికెట్లు, ఒక పిల్లల టికెట్టు, మొత్తం 35,420. పాప మధ్యలో, బాబు అమ్మానాన్నల ఒళ్ళో వంతులవారీగా. ఫుజి పర్వతం ఇ వైపు కనిపిస్తుంది కదా అని కొందరు డి, ఇ తీసుకుంటారు. కొండ కనిపించేది కొద్ది నిమిషాలు, అదీ మబ్బు లేకపోతేనే. చిన్నపిల్లలున్నవారికి మూడు సీట్ల వరుసే మేలు.

అమ్మమ్మా తాతయ్యా కూడా వస్తే నలుగురు పెద్దలు, ఒక పిల్లల టికెట్టు: ఎ నుంచి ఇ దాకా వరుసంతా మీదే. తల్లి ఒక్కరే అయిదు, మూడు, ఒకటిన్నర ఏళ్ళ ముగ్గురితో వెళ్తుంటే ఒక పెద్ద టికెట్టు, రెండు పిల్లల టికెట్లు తీసి చిన్నవాణ్ణి ఒళ్ళో పెట్టుకోవాలి. ఇక్కడ డబ్బు మిగుల్చుకోవాలని చూడొద్దు.

రిజర్వేషన్ లేని బోగీలో సీటు ఖాళీగా ఉంటే పిల్లలు ఉచితంగానే కూర్చోవచ్చు. కానీ రద్దీ రోజుల్లో నోజోమి మొత్తం రిజర్వేషనే. ఆంధ్రప్రదేశ్, తెలంగాణ బడులకు ఏప్రిల్ చివర్లో వేసవి సెలవులు మొదలవుతాయి. ఏప్రిల్ 29 నుంచి మే 5 దాకా జపాన్‌లో గోల్డెన్ వీక్, అంటే వాళ్ళ సెలవుల వారం, రద్దీ ఎక్కువ. ఆ వారంలో వెళ్ళేవారు టికెట్లు ముందే తీసుకోండి. స్టేషన్ కౌంటర్లలో అమ్మకం ప్రయాణానికి నెల ముందు ఉదయం 10 గంటలకు మొదలవుతుంది.

ఇక సామాను. 160 సెంటీమీటర్ల నిబంధనను చాలామంది తప్పుగా చదువుతున్నారు. అది సూట్‌కేసు ఎత్తు కాదు. పొడవు, వెడల్పు, మందం మూడూ కూడితే వచ్చేది. చక్రాలు, పైకి పొడుచుకొచ్చే పిడి కూడా కలిపి కొలవాలి. 76, 52, 31 కలిపితే 159, ఇబ్బంది లేదు. 78, 52, 32 కలిపితే 162, దానికి బుకింగ్ కావాలి. 160 దాటి 250 లోపు ఉంటే బోగీలో చివరి వరుసలో, వెనక పెద్ద సామాను చోటున్న సీటు తీసుకోవాలి. ధర మామూలు సీటుదే. తీసుకోకుండా ఎక్కితే 1,000 యెన్‌లు కట్టాలి. 250 దాటితే ఎక్కనివ్వరు. స్ట్రోలర్‌కు ఈ బుకింగ్ తప్పనిసరి కాదు. అంతమాత్రాన ఆ వెనక చోటు మీదైపోదు, అది ఆ వరుస సీట్లు కొన్నవారిది. మడిచినా పెద్దగా ఉండే స్ట్రోలరైతే చివరి వరుసే కొనండి.

చాలా విమాన సంస్థల చెకిన్ పరిమితి 158 సెంటీమీటర్లే. కాబట్టి మన సూట్‌కేసులు సాధారణంగా 160 లోపే ఉంటాయి. అసలు ఇబ్బంది కొలత దగ్గర లేదు. 23 కిలోల పెట్టెను తల మీది అరలోకి ఎత్తాలి, లేదా మోకాళ్ళ ముందు ఇరికించాలి. ఒళ్ళో పిల్లాడుంటే రెండూ కుదరవు. అందుకే పెద్ద పెట్టెల్ని టక్యుబిన్‌లో, అంటే సామాను ఇంటికో హోటల్‌కో చేర్చే పార్సిల్ సర్వీసులో, పంపేయండి. హోటల్ ఫ్రంట్ డెస్క్‌లో ఇస్తే టోక్యో నుంచి క్యోటో హోటల్‌కు మామూలుగా మర్నాటికి చేరుతుంది, పెద్ద పెట్టెకు 3,000 యెన్‌లు అటూ ఇటూ. చీటీ మీద క్యోటో హోటల్ బుకింగ్ ఏ పేరున ఉందో ఆ పేరు, చెకిన్ తేదీ రాయించండి. ఆ రాత్రికి చేతిసంచిలో ఎనిమిది డైపర్లు, ఒక్కొక్కరికి రెండు జతల బట్టలు, మందులు. పాస్‌పోర్టులు ఎప్పుడూ మీ దగ్గరే ఉండాలి.

టాయిలెట్లు బేసి సంఖ్య బోగీల్లో ఉంటాయి. పాలివ్వడానికి గది కావాలంటే 11వ బోగీలో ఉంది, కండక్టర్‌ను అడిగితే తెరుస్తారు. పసిబిడ్డ ఉన్నవారు ఆ దగ్గర్లోనే సీట్లు చూసుకోండి.

అభ్యాసం: ఇంట్లో ఉన్న సూట్‌కేసులన్నిటినీ టేపుతో, చక్రాలతో సహా కొలిచి మొత్తాలు రాసుకోండి. తర్వాత కుర్చీలో కూర్చుని పిల్లాణ్ణి ఒళ్ళో పెట్టుకోండి. చేతిసంచి కాళ్ళ దగ్గర, మడిచిన స్ట్రోలర్ పక్కన. అక్కణ్ణుంచి లేచి, అన్నీ తీసుకుని వీధి గుమ్మం దాటి, స్ట్రోలర్ ఒంటిచేత్తో తెరిచి పిల్లాణ్ణి కూర్చోబెట్టాలి. దారిలోని స్టేషన్లలో బండి ఆగేది ఒకటి రెండు నిమిషాలే కాబట్టి గుమ్మం దాటేవరకు ఒక నిమిషం మించకూడదు. పదిసార్లు చేయండి. పిల్లాడు నిద్రలో ఉన్నప్పుడు కనీసం రెండుసార్లు చేసి, ఏ వస్తువు దగ్గర ఆలస్యమవుతోందో గుర్తుపెట్టుకుని దాన్ని టక్యుబిన్ పెట్టెలోకి మార్చండి.