ఆఫీసు ఫైళ్లు పెన్‌డ్రైవ్‌లోకి, ఫోన్‌లోకి వెళ్లకుండా విండోస్‌లో కట్టడి చేయడం

ట్యాక్స్ కన్సల్టెంట్ ఆఫీసులోనో, డయాగ్నస్టిక్ సెంటర్‌లోనో, మీసేవ కేంద్రంలోనో ఉండేవి నాలుగైదు కంప్యూటర్లే. వాటిలో మాత్రం వందల మంది పాన్, ఆధార్ కాపీలు, బ్యాంకు స్టేట్‌మెంట్లు, రక్తపరీక్షల రిపోర్టులు ఉంటాయి. మనల్ని నమ్మి ఇచ్చిన ఆ కాగితాలను కాపాడాల్సింది మనమే. చట్టం కూడా అదే అంటోంది: 2023 నాటి డిజిటల్ వ్యక్తిగత డేటా రక్షణ చట్టంలో, తగిన భద్రత పాటించనివారికి 250 కోట్ల రూపాయల దాకా జరిమానా ఉంది. సర్వర్, ఐటీ ఉద్యోగి లేని ఆఫీసు కూడా విండోస్ 10 లేదా 11 ప్రోలో ఉన్న సెట్టింగులతోనే చాలావరకు కట్టడి చేసుకోవచ్చు.

పోర్టులను మొత్తంగా మూసేయకండి. బయోస్‌లో (విండోస్ మొదలయ్యే ముందు నడిచే కంప్యూటర్ సెట్టింగుల్లో) యూఎస్‌బీ ఆపేస్తే డిజిటల్ సిగ్నేచర్ టోకెన్, వేలిముద్ర స్కానర్, ప్రింటర్ కూడా ఆగిపోతాయి. జీఎస్టీ రిటర్ను గడువు రోజున టోకెన్ పని చేయకపోతే ఎవరో ఒకరు పోర్టులు తెరిచేస్తారు, మళ్లీ ఎవరూ మూయరు. డేటా రాయడాన్ని ఆపితే చాలు. టోకెన్, స్కానర్ స్టోరేజీ పరికరాలు కావు కాబట్టి వాటి పనికి అడ్డు రాదు.

మొదట అడ్మిన్ హక్కులు తీసేయాలి

సిబ్బంది అడ్మినిస్ట్రేటర్‌గా లాగిన్ అవుతుంటే కింద చెప్పేదంతా వృథా. మనం పెట్టిన పాలసీని, అంటే విండోస్ పాటించే నియమాన్ని, వాళ్లు నిమిషంలో తీసేయగలరు. సెట్టింగ్స్‌లో అకౌంట్స్, అదర్ యూజర్స్‌కి వెళ్లి ఒక్కొక్కరి అకౌంటును స్టాండర్డ్ యూజర్‌గా మార్చండి. అడ్మిన్ అకౌంటు వేరుగా ఉండాలి, దాని పాస్‌వర్డ్ యజమాని దగ్గరే ఉండాలి. అకౌంటింగ్ సాఫ్ట్‌వేర్ స్టాండర్డ్ యూజర్‌లో తెరుచుకోకపోతే, సాధారణంగా దాని డేటా ఫోల్డర్‌కు రాసే అనుమతి లేకపోవడమే కారణం. ఆ ఒక్క ఫోల్డర్‌కు మాడిఫై అనుమతి ఇచ్చి చూడండి.

రాతను ఆపే పాలసీ

అడ్మిన్ లాగిన్‌లో విండోస్ కీ, ఆర్ కలిపి నొక్కి ఎంఎంసీ అని టైప్ చేయండి. ఫైల్ మెనూలో యాడ్ ఆర్ రిమూవ్ స్నాప్-ఇన్, అందులో గ్రూప్ పాలసీ ఆబ్జెక్ట్ ఎడిటర్, యాడ్. వచ్చిన విండోలో బ్రౌజ్ నొక్కి, యూజర్స్ ట్యాబ్‌లో నాన్-అడ్మినిస్ట్రేటర్స్ ఎంచుకోండి. ఈ మెట్టును చాలామంది దాటేస్తారు. దీనివల్ల కట్టడి సిబ్బందికే పడుతుంది, యజమాని బ్యాకప్ ఆగదు.

తర్వాత యూజర్ కాన్ఫిగరేషన్, అడ్మినిస్ట్రేటివ్ టెంప్లేట్స్, సిస్టమ్, రిమూవబుల్ స్టోరేజ్ యాక్సెస్ దాకా వెళ్లి మూడింటిని ఎనేబుల్ చేయండి:

- రిమూవబుల్ డిస్క్స్: డినై రైట్ యాక్సెస్
- డబ్ల్యూపీడీ డివైసెస్: డినై రైట్ యాక్సెస్
- సీడీ అండ్ డీవీడీ: డినై రైట్ యాక్సెస్

రెండోదే అందరూ మరిచేది. డబ్ల్యూపీడీ అంటే ఫోన్లు, కెమెరాల్లాంటి పరికరాలు. ఆండ్రాయిడ్ ఫోన్‌ను కేబుల్‌తో కలిపితే అది పెన్‌డ్రైవ్‌లా కాకుండా ఎంటీపీ అనే ఫైల్ బదిలీ పద్ధతిలో కలుస్తుంది, కాబట్టి మొదటి పాలసీ దాన్ని ఆపదు. పెన్‌డ్రైవ్‌లను ఆపి ఫోన్లను వదిలేస్తే పెద్ద దారి తెరిచే ఉన్నట్టు. చదవడానికి అనుమతి అలాగే ఉంచాం కనుక, ప్రింటు కోసం పెన్‌డ్రైవ్ తెచ్చే కస్టమర్ల పని సాగుతుంది. అలా బయటి డ్రైవ్‌లు వచ్చే చోట జీపీఎడిట్ డాట్ ఎంఎస్‌సీ (కంప్యూటర్ మొత్తానికి వర్తించే గ్రూప్ పాలసీ ఎడిటర్) తెరిచి, కంప్యూటర్ కాన్ఫిగరేషన్‌లోని ఇదే ఫోల్డర్‌లో రిమూవబుల్ డిస్క్స్: డినై ఎగ్జిక్యూట్ యాక్సెస్ కూడా పెట్టండి. డ్రైవ్‌లోని వైరస్ ప్రోగ్రాం అక్కడినుంచి నేరుగా నడవదు.

కంప్యూటర్‌ను రీస్టార్ట్ చేసి, సిబ్బంది లాగిన్‌లోనే పరీక్షించండి. పెన్‌డ్రైవ్, మెమరీ కార్డు, బయటి హార్డ్ డిస్క్, ఎస్‌ఎస్‌డీ, ఫైల్ ట్రాన్స్‌ఫర్ మోడ్‌లో ఉన్న ఫోన్ ఒక్కొక్కటీ పెట్టి కాపీ చేసి చూడాలి. పెన్‌డ్రైవ్ ఆగింది కదా అని మిగతావాటిని నమ్మకండి.

యూఎస్‌బీస్టోర్ చిట్కాతో జాగ్రత్త

పెన్‌డ్రైవ్‌లను ఆపడానికి రిజిస్ట్రీలో (విండోస్ తన సెట్టింగులను దాచుకునే చోట) యూఎస్‌బీస్టోర్ అనే కీ కింద స్టార్ట్ విలువను 3 నుంచి 4కు మార్చమనే సలహా ఎక్కడ చూసినా కనిపిస్తుంది. దానికి మూడు లోపాలున్నాయి. యూఏఎస్‌పీ పద్ధతిలో నడిచే వేగవంతమైన ఎస్‌ఎస్‌డీలు వేరే డ్రైవర్ వాడతాయి కనుక అవి ఆగవు. ఫోన్లు అసలే ఆగవు. ఆ కంప్యూటర్‌కు కొత్తదైన పెన్‌డ్రైవ్ పెట్టినప్పుడు విండోస్ డ్రైవర్‌ను ఇన్‌స్టాల్ చేస్తూ ఆ విలువను మళ్లీ 3 చేసే అవకాశం ఉంది. విండోస్ హోమ్‌లో గ్రూప్ పాలసీ ఎడిటర్ ఉండదు కాబట్టి అక్కడ ఈ చిట్కా మీదే ఆధారపడాలనిపిస్తుంది. కస్టమర్ డేటా ఉన్న యంత్రానికి ప్రో కొనడమే మేలు.

అనుమతి ఉన్న పెన్‌డ్రైవ్

ఎవరో ఒకరు డేటా బయటికి తీసుకెళ్లాల్సిందే అయితే, డ్రైవ్‌ను ఎన్‌క్రిప్ట్ చేసే విండోస్ సాధనం బిట్‌లాకర్ వాడండి. కంప్యూటర్ కాన్ఫిగరేషన్, అడ్మినిస్ట్రేటివ్ టెంప్లేట్స్, విండోస్ కాంపోనెంట్స్, బిట్‌లాకర్ డ్రైవ్ ఎన్‌క్రిప్షన్, రిమూవబుల్ డేటా డ్రైవ్స్‌లో, బిట్‌లాకర్ లేని డ్రైవ్‌లకు రాత నిరాకరించే పాలసీ ఉంది. ఒక చిక్కు: రిమూవబుల్ డిస్క్స్: డినై రైట్ అమల్లో ఉన్న యూజర్‌కు విండోస్ ఈ పాలసీని పట్టించుకోదు, అంటే ఎన్‌క్రిప్ట్ చేసిన డ్రైవ్‌లో కూడా రాయనివ్వదు. కాబట్టి ఆ ఉద్యోగి పనిచేసే కంప్యూటర్‌లో పై మూడింటిలో మొదటిది తీసి, దాని చోట బిట్‌లాకర్ పాలసీ పెట్టాలి.

ఇంకో చిక్కు దీనికంటే పెద్దది. స్టాండర్డ్ యూజర్ కూడా తన సొంత పెన్‌డ్రైవ్‌ను బిట్‌లాకర్‌తో ఎన్‌క్రిప్ట్ చేసి దర్జాగా రాసుకోవచ్చు. అందుకే వరుస ముఖ్యం. ముందు సంస్థకు ఒక గుర్తింపు పదం ఇచ్చే పాలసీ పెట్టండి. తర్వాత ఆఫీసు డ్రైవ్‌లను ఎన్‌క్రిప్ట్ చేసి, 48 అంకెల రికవరీ కీని కాగితం మీద ముద్రించి బీరువాలో పెట్టండి. ఆ తర్వాత, వేరే సంస్థలో తయారైన డ్రైవ్‌లకు రాత నిరాకరించే టిక్ పెట్టి, రిమూవబుల్ డ్రైవ్‌ల మీద బిట్‌లాకర్ వాడకాన్ని నియంత్రించే పాలసీని కూడా ఎనేబుల్ చేసి, అందులో యూజర్లు బిట్‌లాకర్ పెట్టుకోవడానికి అనుమతించే టిక్ తీసేయండి.

విండోస్‌ను పక్కన పెట్టి బూట్ చేస్తే

లైనక్స్ పెన్‌డ్రైవ్‌తో కంప్యూటర్‌ను ఆన్ చేస్తే ఈ పాలసీలేవీ ఉండవు, హార్డ్ డిస్క్ మొత్తం తెరుచుకుంటుంది. సీ డ్రైవ్‌తో పాటు డేటా ఉన్న డీ డ్రైవ్‌కూ బిట్‌లాకర్ పెట్టండి. బయోస్‌లో యూఎస్‌బీ బూట్ ఆపి, బయోస్‌కు పాస్‌వర్డ్ పెట్టండి.

ఎవరు ఏమి కాపీ చేశారో నమోదు కావాలంటే సెక్‌పాల్ డాట్ ఎంఎస్‌సీలో అడ్వాన్స్‌డ్ ఆడిట్ పాలసీ, ఆబ్జెక్ట్ యాక్సెస్ కింద ఆడిట్ రిమూవబుల్ స్టోరేజ్‌లో సక్సెస్, ఫెయిల్యూర్ రెండూ పెట్టండి. ఈవెంట్ వ్యూయర్‌లోని సెక్యూరిటీ లాగ్‌లో 4663 నంబరు కింద ఫైలు పేరు, యూజర్ పేరు కనిపిస్తాయి. ఆ లాగ్ పరిమాణం మామూలుగా 20 ఎంబీ మాత్రమే. త్వరగా నిండి పాతవి చెరిగిపోతాయి కనుక 200 ఎంబీకి పెంచండి.

వాట్సాప్ వెబ్, ఈమెయిల్, ఫోన్ నుంచి ఇచ్చే యూఎస్‌బీ టెథరింగ్ ఇవేవీ ఈ పాలసీలకు చిక్కవు. వాటికి బ్రౌజర్, నెట్‌వర్క్ దగ్గర వేరే కట్టడి కావాలి. అది అమరేదాకా షేర్డ్ ఫోల్డర్లను విడగొట్టి, ఎవరి పనికి కావాల్సిన కస్టమర్ల ఫైళ్లే వాళ్లకు తెరుచుకునేలా అనుమతులు ఇవ్వండి.