శస్త్రచికిత్స తర్వాత ఇన్‌ఫెక్షన్ ముప్పు అంచనా – 3వ పాఠం: మూడు ప్రశ్నలతో లెక్క

గత పాఠంలో గాయాలను శుభ్రం, శుభ్ర-కలుషితం, కలుషితం, చీము పట్టినవి అని నాలుగు వర్గాలుగా విడదీశాం. 1964 నుంచి వాడుకలో ఉన్న ఆ విభజన కోత పెట్టిన చోటునే చూస్తుంది గానీ, రోగి శరీరస్థితిని పట్టించుకోదు. ఆ లోటు తీర్చడానికి అమెరికాలోని వ్యాధి నియంత్రణ సంస్థ సీడీసీ నడిపే ఆసుపత్రి ఇన్‌ఫెక్షన్ల నిఘా వ్యవస్థ తరఫున 1991లో ఒక సూచిక వెలువడింది. దాన్ని కాగితం మీదే లెక్క కట్టవచ్చు.

రోగి మొత్తం ఆరోగ్యస్థితిని బట్టి మత్తు వైద్యులు నిర్ణయించే ఏఎస్ఏ శ్రేణి (అంకె పెరిగేకొద్దీ ఆరోగ్యం అంత దెబ్బతిన్నట్టు) 3 లేదా అంతకు మించి ఉంటే ఒక పాయింటు. గాయం కలుషితమైనదో, చీము పట్టినదో అయితే మరొకటి. శస్త్రచికిత్స గడువు దాటితే ఇంకొకటి. గడువు అంటే, అదే రకం శస్త్రచికిత్సల్లో నాలుగింట మూడు వంతులు పూర్తయ్యే సమయం: అపెండిక్స్‌కు 1 గంట, పెద్దపేగుకు 3 గంటలు, గుండె బైపాస్‌కు 5 గంటలు. ఈ మూడో అంశాన్ని తేలిగ్గా తీసుకోకూడదు. కోత తెరిచి ఉన్నంతసేపూ కణజాలం ఆరిపోతూ, సూక్ష్మజీవులకు అందుబాటులో ఉంటుంది. ముందుగా ఇచ్చిన యాంటీబయాటిక్ మోతాదు రక్తంలో తగ్గిపోతుంది. పైగా, ఆలస్యమే చాలాసార్లు ఆ శస్త్రచికిత్స ఎంత జటిలమైనదో చెబుతుంది.

మధుమేహం అదుపులో లేక ఏఎస్ఏ 3గా నమోదైన రోగికి పెద్దపేగు శస్త్రచికిత్స 3 గంటల 40 నిమిషాలు పట్టిందనీ, గాయం శుభ్ర-కలుషితమనీ అనుకుందాం. మొదటి ప్రశ్నకు 1, రెండోదానికి 0, మూడోదానికి 1, మొత్తం 2.

1991 నాటి లెక్కల్లో 0 పాయింట్ల వారిలో 1.5 శాతం, 1 ఉన్నవారిలో 2.9, 2 ఉన్నవారిలో 6.8, 3 ఉన్నవారిలో 13 శాతం మందికి ఇన్‌ఫెక్షన్ సోకింది. ఇవి అన్ని రకాల శస్త్రచికిత్సలనూ కలిపిన సగటులు కనుక, ఎదుట ఉన్న ఒక్క రోగి భవిష్యత్తును వీటితో తేల్చి చెప్పడం తప్పు. పైగా, ఎంత సమయం పట్టిందో కుట్లు వేశాక గానీ తెలియదు. ఆసుపత్రుల ఫలితాలను న్యాయంగా పోల్చడమే ఈ సూచిక అసలు ప్రయోజనం.

సాధన: ఏఎస్ఏ 1 శ్రేణిలోని ఆరోగ్యవంతుడైన యువకుడికి, పగిలి చీము నిండిన అపెండిక్స్‌ను 50 నిమిషాల్లో తొలగించారు. ఏఎస్ఏ 3 శ్రేణిలోని మరొకరికి శుభ్రమైన శస్త్రచికిత్స గడువులోపే ముగిసింది. ఇద్దరి పాయింట్లూ లెక్కించి, ఆ రెండు ముప్పులను సమానంగా చూడటం సబబేనా అన్నది రాసి ఉంచుకోండి. ఒక్కో అంశానికి వేర్వేరు బరువులిచ్చే లాజిస్టిక్ రిగ్రెషన్‌ను 4వ పాఠంలో మీ జవాబు దగ్గరి నుంచే మొదలుపెడదాం.